వడ్డనక్క పస్తుంచిన కణాలు

ల్యాబులో ఆవిణ్ణి అందరూ వడ్డనక్క అనే పిలుస్తారు. రక్తనాళాల కణాలను పెంచడం ఇరవై రెండేళ్లుగా ఆవిడ పని. ప్లాస్టిక్ పళ్లేల గుంటల్లో రెండు రోజులకోసారి పాత ద్రవం తీసేసి, కొత్తగా గులాబీరంగు ద్రవం పోస్తుంది. దాన్ని ఆవిడ అన్నం అంటుంది. ఇంట్లోనూ ఇదే తంతు. వద్దు మొర్రో అన్నా వినదు. పాపం మొగుడి చొక్కాలకు గుండీలు నిలవడం ఎప్పుడో మానేశాయి.

ఈసారి ల్యాబు నడిపే మేడమ్ సముద్రపు స్పంజి నుంచి తీసిన సారం ఇచ్చింది. కణితి ఎదగాలంటే దానికి కొత్త రక్తనాళాలు కావాలి. ఆ నాళాల కణాలను ఈ సారం పెరగకుండా ఆపుతుందేమోనని మేడమ్ నాలుగేళ్లుగా గంపెడాశ పెట్టుకుంది. సారం వేసి, మూడు రోజులు ముట్టుకోకుండా ఉంచి లెక్కపెట్టాలి.

రెండుసార్లు చేశారు. రెండుసార్లూ కణాలు నిక్షేపంగా పెరిగాయి.

"ఇక వదిలేద్దాం అక్కా," అంది మేడమ్ మొహం వేలాడేసుకుని. "ఒక్కసారికి సరిపడా మిగిలింది. పారబోసెయ్."

వడ్డనక్క సీసా పట్టుకుని సింకు దగ్గరికెళ్లి, వంచబోయి ఆగిపోయింది. ఈ సారాన్ని తను ఇదివరకే రెండుసార్లు పారబోసిందని అప్పుడు వెలిగింది. ఉద్యోగం ఉంటే ఉంటుంది, పోతే పోతుందనుకుని వెనక్కి వచ్చింది.

"మేడమ్, రెండో రోజు చూస్తే అవి డీలాపడి ఉన్నాయి. చూడలేక పాత ద్రవం తీసేసి అన్నం పెట్టాను."

"రెండుసార్లూనా?"

"రెండుసార్లూ. మీ మందు కూడా ఆ ద్రవంతోనే పోయింది."

మేడమ్ సీసా అందుకుని వెలుతురుకు పెట్టి చూసింది. తిట్టినా బాగుండేదనిపించింది వడ్డనక్కకు. చివరికి, "మిగిలింది కూడా నువ్వే వెయ్యి," అంది మేడమ్.

ఆ మూడు రోజులూ వడ్డనక్క అవస్థ చూడాలి. రెండో రోజు కణాలుండే వెచ్చటి పెట్టె తెరిచి, చూసి, మూసేసి, వరండాలోకెళ్లి చేతులు కట్టుకుని నిలబడింది. మూడో రోజు మైక్రోస్కోపు ముందు కూర్చుని లెక్కపెట్టింది. సారం వెయ్యని గుంటల్లో కణాలు రెట్టింపయ్యాయి, సారం పడిన గుంటల్లో మాత్రం మొదట వేసినన్నే ఉన్నాయి. చావలేదు, పెరగలేదు. మేడమ్ కూడా లెక్కపెట్టి, ఆవిడ భుజం మీద తల ఆన్చి ఏడ్చేసింది. వడ్డనక్కకు సంతోషంగానే ఉంది, కణాల మీద జాలిగానూ ఉంది.

ఆ పూట ఇంట్లో మొగుడు చాలనగానే గరిటె ఆగింది. ఆయన హడలిపోయాడు.

"ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. చాలన్నారుగా."

"ముప్పై ఏళ్లుగా అంటూనే ఉన్నాను," అన్నాడాయన. గరిటె వంక చూసి, కంచం ముందుకు జరిపాడు.