బావి అడుగు చూసిన మనిషి

మా ఊరి మంచినీళ్ల బావికి ఏటా పూడిక తీసే మనిషి మొన్న పొద్దున చనిపోయాడు. పాలు పిండే జీతగాడు చెంబు అరుగు మీద పెడుతూ, "బాయి పూడికాయన పోయిండట అవ్వా" అన్నాడు, బర్రె వట్టిపోయిన సంగతి చెప్పినట్టు. మా ఇంట్లో ఎవరూ తలెత్తలేదు. మా ఆయన చాయ్ తాగుతూ, ఈ ఎండాకాలం పూడిక ఎవరితో తీయించాలో అన్నాడు. నాకు కోపం నెత్తికెక్కింది. కానీ ఏ మొహం పెట్టుకుని కోప్పడను? ఆయన గురించి మాట్లాడే అర్హత ఈ ఇంట్లో అందరికంటే నాకే తక్కువ. అయినా నేనే రాస్తున్నాను.

బోధన్‌కు చెరకు బండ్లు పోయే దారిలో ఉంది మా ఊరు. బావి మా ఇంటి వెనక గోడకు కొద్ది అడుగుల దూరంలోనే. ఊరంతా ఆ నీళ్లే తాగేది. ఊరి చివరి వాడవాళ్లు మాత్రం మా బావి తాడు ముట్టుకోకూడదు. వాళ్లు కాలువ ఒడ్డున ఇసుకలో చెలిమె తోడుకుని తాగేవారు. ఆయన ఆ వాడ మనిషే. ఏడాదికి ఒక్కరోజు మాత్రం అదే తాడు పట్టుకుని బావి అడుగుదాకా దిగాలి. బురద, పగిలిన కుండలు, చచ్చిన ఉడతలు బుట్టలకెత్తి పైకి పంపాలి. ఆయన బయటికి రాగానే మా అత్త గోమూత్రంలో పసుపు కలిపి, ఆయన చూస్తుండగానే, బావిలో పోసి శుద్ధి చేసేది. బావిని బాగుచేసిన మనిషి మైల బావికి అంటకూడదు కదా.

దిగే ముందు ఆయన మోకాళ్లదాకా కాళ్లు కడుక్కునేవాడు. మేమేమో పశువుల కొట్టంలో తిరిగిన కాళ్లతోనే గిలక దగ్గర నిలబడేవాళ్లం. కందిలి వెలిగించి, తాడుకు కట్టి ముందు దాన్ని దింపేవాడు. అది ఆరిపోకుండా ఉంటేనే తను దిగేవాడు. అడుగున ఊట నీళ్లు దోసిట్లోకి తీసుకుని వాసన చూసేవాడు గాని తాగేవాడు కాదు. "తాగొచ్చు గదా, ఎవలు చూస్తరు?" అని ఒకసారి పైనుంచి అన్నాను. "నేను చూస్త గదవ్వా" అన్నాడు. నా తండ్రి వయసువాడు నన్ను అవ్వా అనేవాడు. ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఆయన పేరు చివర గాడు తగిలించి పిలిచేవారు.

నేను నిజామాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని. కాపురానికి వచ్చిన వారానికే, చెంబు పట్టుకుని చెరకు తోటల్లోకి పోవడం నావల్ల కాదని మూతి ముడుచుకుని పుట్టింటికి పోయాను. పాయిఖానా కట్టిస్తేనే వస్తానన్నాను. మామ కట్టించాడు. ఊళ్లో అదే మొదటిది. పక్క ఊళ్లవాళ్లు వచ్చి చూసిపోయేవారు. దూరమైతే కోడలికి కష్టమని వెనక గోడ పక్కనే, ఇంటికీ బావికీ మధ్య, నిలువెత్తు లోతున గుంత తవ్వించాడు. నేను మహారాణిలా తిరిగొచ్చాను.

రెండో ఎండాకాలం పూడిక తీసి పైకి వచ్చిన ఆయన మామ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పటేలా, మీ ఇంటి దిక్కు రాళ్ల సందులకెళ్లి నల్లగ ఊరుతున్నది. గబ్బు కొడుతున్నది. గా గుంత పూడ్పియ్యుండ్రి."

"నాకు నువ్వు చెప్పేటోనివైనవారా, నీళ్ల సంగతి?" అని మామ నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లు కూడా నవ్వారు. నేను తలుపు వెనక నుంచి అంతా విన్నాను. గుంత పూడిస్తే మళ్లీ చెరకు తోటలకు పోవాల్సింది నేనే. నేనూ నవ్వాను.

వానలు మొదలైన కొద్దిరోజులకే ఊరికి గత్తర తగిలింది. వాంతులు, విరేచనాలు. పక్కింట్లో ఇద్దరు పిల్లలు ఒక్కరోజే పోయారు. వాడలో మాత్రం ఎవరికీ ఏమీ కాలేదు. వాళ్లు తాగేది చెలిమె నీళ్లు కదా, అందుకే బతికారని అనుకునే పాటి తెలివి ఊళ్లో ఒక్కరికీ లేకపోయింది. వాళ్లకు తగల్లేదంటే వాళ్లే ఏదో చేశారన్నారు. బావిలోకి దిగిందెవరు? ఆయనే. ఇంకేం కావాలి?

ఆయనను బావి దగ్గరికి ఈడ్చుకొచ్చారు. ఎన్నడూ గుక్కెడు ఇవ్వని నీళ్లు ఆ రోజు బొక్కెన నిండా తోడి ముందు పెట్టారు.

"ఏం కలపకపోతే తాగు" అన్నాడు మామ.

"నేనేం కలపలే పటేలా. గుంత నీళ్లు కలిసినయి. నేను గప్పుడే చెప్పిన."

"తాగమన్న."

ఆయన ఒక్కసారి మా గుమ్మం వైపు చూశాడు. నేను అక్కడే ఉన్నాను. ఆ గుంత నాకోసం తవ్వించిందని, ఆయన ముందే చెప్పాడని ఒక్క మాట అంటే ఆయన ఇంటికి పోయేవాడు. అత్త నా వైపు చూసింది. నేను గుమ్మంలోంచి ఒక అడుగు వెనక్కి వేశాను. ఆయన వంగి దోసిలితో తాగాడు. "ఇంకా" అన్నారు. తాగాడు. బొక్కెన సగమయ్యేదాకా వదల్లేదు.

రెండోరోజు ఆయన గత్తరతో పడ్డాడు. ఆయన లేచాడు గాని, ఆయన బట్టలు ఉతికిన భార్య మంచం పట్టి లేవలేదు. ఆయన తప్పు దేవుడే చూపించాడని ఊరు అనుకుంది. ఆ తర్వాత సూదులు వేయడానికి వచ్చిన సర్కారు మనిషి బావి చుట్టూ తిరిగి, మా గుంత చూసి, మామను నలుగురిలో కడిగేశాడు. బావిలో మందు కలిపారు, గుంత పూడ్చారు, పాయిఖానా పెరటి ఆ చివరికి మారింది. తప్పు నీది కాదని ఆయనకు చెప్పడానికి మాత్రం వాడకు ఎవరూ పోలేదు. నేనూ పోలేదు.

మరుసటి ఎండాకాలం కబురు పెడితే ఆయన వచ్చాడు. రాడనుకున్నాను. కాళ్లు కడుక్కుంటుంటే, పక్కన ఎవరూ లేనిది చూసి దగ్గరికి పోయాను. నేను అడగాల్సింది క్షమాపణ. నోట్లోంచి వచ్చింది మాత్రం, "మల్లెందుకొచ్చినవ్?"

"బాయేం జేసిందవ్వా? పిల్లలు తాగే నీళ్లు" అన్నాడు. తాడు పట్టుకుని దిగిపోయాడు.

పదేళ్లకు పైగా ఆయన బాగుచేసిన నీళ్లే తాగి నా ముగ్గురు పిల్లలు పెరిగారు. ఒక్కరికీ కడుపునొప్పి అన్నది రాలేదు. బావికి దగ్గరగా ఎవరైనా పెంటకుప్ప వేస్తే వాళ్ల వాకిలి ముందు నిలబడి, "ఇయ్యాల గాడ ఉన్నది, ఎల్లుండికి మీ కుండల ఉంటది" అనేవాడు. జనం గొణుక్కుంటూ కుప్ప జరిపేవారు. ఆయన మాటకు భయపడేవారు గాని, ఆయనకు తాగడానికి నీళ్లు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మొన్న ఆ కబురు విన్న కాసేపటికే ఆయన కూతురు రెండు కుండలతో మా బావి దగ్గరికి వచ్చింది. చెలిమె ఎండిపోయిందట. తండ్రికి ఆఖరి స్నానం చేయించాలి. ఎవరైనా వచ్చి పోస్తారని గిలకకు దూరంగా నిలబడింది. నేనే పోయి తోడాను. ఈ పిల్లకైనా చెప్పాలి, ఆ గుంత నాదని, మీ అమ్మ పోయింది నా మూలంగానని, ఇప్పుడే చెప్పేయాలి అనుకుంటూ తోడాను. ఆమె కుండలోకి తొంగిచూసి, "తేటగున్నయవ్వా" అంది. నేను మళ్లీ బొక్కెన బావిలోకి వదిలాను. రెండు కుండలూ నిండేదాకా నా బొక్కెన ఆమె కుండ అంచుకు తగలకుండా జానెడు ఎత్తులోనే ఉంది.