అమ్మ ప్రార్థనలో పెట్టిన పరీక్ష

తొంభైల చివర్లో, నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, ఒక ఆదివారం మా చర్చిలో వాక్యం చదవడానికి నిలబడ్డాను. సగంలో గొంతు పెగల్లేదు. బైబిలు అక్కడే వదిలేసి బయటికి పరిగెత్తాను. నరసాపురంలో మా వీధంతా చర్చి వాళ్ళే. ఆ రోజు నుంచి నేను గడప దాటలేదు. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనీ, నేను కనపడగానే మాటలు ఆపేస్తారనీ గట్టి నమ్మకం. అన్నం సహించేది కాదు. చచ్చిపోతే బావుండునని రోజూ అనిపించేది. ఇప్పుడింత తేలిగ్గా రాస్తున్నాను గాని, అప్పుడు ఆ మాట పైకి అనడానికి కూడా ఓపిక ఉండేది కాదు.

నాన్న స్కూల్లో గుమాస్తా. "కాలేజీ తెరిచేలోపు మామూలు మనిషివైతే డిగ్రీలో చేరు. లేకపోతే ఇంట్లోనే కూచో, ఎవరు కాదన్నారు" అనేశారు. ఆ ఇంట్లోంచి బయటపడటానికి నాకున్న దారి డిగ్రీ ఒక్కటే. అదీ పోతుందన్న దిగులుతో ఇంకా ముడుచుకుపోయాను.

చర్చికొచ్చే నర్సు ఒకావిడ చెబితే అమ్మ నన్ను రాజమండ్రిలో మానసిక వైద్యురాలి దగ్గరికి తీసుకెళ్ళింది. నిడదవోలులో దిగి ఇంకో బండి పట్టుకోవాలి. దారంతా నేను తల మీద చున్నీ కప్పుకుని కిటికీ వైపు తిరిగి కూచున్నాను. డాక్టరమ్మ చిన్నావిడే. మాత్రలు రాసి పంపేస్తుందనుకుంటే, కూచోబెట్టి అన్నీ చెప్పించుకుంది. "దీన్ని కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అంటారమ్మా" అంది. అదేదో ఆపరేషననుకుని అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"నీ మనసు చెప్పే ప్రతి మాటా నిజమని ఎందుకు నమ్ముతావు? ఒకసారి పరీక్షించి చూద్దాం" అంది డాక్టరమ్మ. మా వీధి ఆడవాళ్ళు మధ్యాహ్నం పూట ఎక్కడ చేరతారని అడిగింది. మా ఎదురింటి అరుగు మీద, లేసు అల్లుకుంటూ కూచుంటారని చెప్పాను. "అయితే అక్కడికెళ్ళి కాసేపు కూచో. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నిన్ను చూసి మాటలాపేస్తారో, వాళ్ళ గోలలో వాళ్ళుంటారో చూసొచ్చి నాకు చెప్పు."

చాలా కాలానికి నాకు కాస్త ఆశ పుట్టింది. ఎందుకంటే ఆ అరుగు సంగతి నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. పెళ్ళి కబుర్లూ, కోడళ్ళ మీద చాడీలూ, లేసు కొనే ఏజెంటుకి తిట్లూ. పాస్టరుగారు వచ్చి నిలబడ్డా అక్కడ నోళ్ళు మూతపడేవి కావు. నా కోసం మూతపడతాయా, నా మొహం! అనుకున్నాను.

ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం ధైర్యం చేశాను. ఎదురింటి గేటు తీసేసరికి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. మెట్టెక్కాను. ఆగిపోయాయి. మాటలే కాదు, చేతుల్లో సూదులు కూడా ఆగాయి. ఒకావిడ చాప మీద జరిగి చోటిచ్చింది. ఇంకొకావిడ లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చి, "తాగమ్మా" అంది, జ్వరమొచ్చిన వాళ్ళతో మాట్లాడే గొంతుతో. అంతే. ఒకరి మొహాలొకరు చూసుకుని, తలలు దించుకుని అల్లుకున్నారు. నేను గ్లాసు కింద పెడితే ఆ చప్పుడు ఒక్కటే వినిపించింది. లేచి వచ్చేశాను.

అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమన్నా అన్నారా?"

"ఎవరూ నోరెత్తలేదు."

అమ్మ మొహం వెలిగిపోయింది. "నేను ముందే వాళ్ళ చెవిన వేశాను లేవే. నిన్న స్త్రీల కూటంలో నీ సంగతి ప్రార్థనలో పెట్టాను. డాక్టరమ్మ పంపించారు, మా పిల్ల వచ్చి మీ దగ్గర కూచుంటది, ఎవరూ ఏమీ అనకండి, బెదిరిపోద్ది అని చెప్పాను. అందరూ మోకరించి ప్రార్థన చేశారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా వాళ్ళకి ఇదొక అలవాటు. జ్వరమైనా, పరీక్షలైనా, పెళ్ళిచూపులైనా కూటంలో చెప్పి అందరి చేతా ప్రార్థన చేయించాల్సిందే.

"ఎందుకు చెప్పావమ్మా?"

"చెప్పకపోతే ఎలాగే? నిన్ను చూసి నలుగురూ నవ్వితే నేను చూడగలనా?"

అంటే నవ్వుతారని అమ్మ కూడా నమ్ముతోంది. దాంతో నా ప్రాణం ఉసూరుమంది. డాక్టరమ్మ ఏమంటుందో నాకు తెలుసు. ఈ పరీక్ష చెల్లదు, ఇంకోసారి చేద్దాం అంటుంది. ఇంకెక్కడ చేస్తాం, వీధి వీధంతా మోకరించాక?

ఆ ఆదివారం అమ్మా నాన్నా చర్చికెళ్ళారు. నేను మంచం మీదే ఉన్నాను. చర్చి మైకు మా ఇంట్లోకి బాగా వినిపిస్తుంది. దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకునేవాళ్ళు ముందుకి రావచ్చన్నారు పాస్టరుగారు. తర్వాత వినిపించింది అమ్మ గొంతు. అమ్మ ఎప్పుడూ మైకులో మాట్లాడి ఎరగదు.

"అందరికీ వందనాలండి. నా బిడ్డ మనుషుల్ని చూస్తేనే భయపడిపోయేదండి. రాజమండ్రిలో డాక్టరుకి చూపించామండి. మొన్న ఒక్కత్తే వెళ్ళి అందరి మధ్యా కూచుందండి. ప్రభువు నా బిడ్డని నాకు తిరిగిచ్చాడండి." అక్కడ ఏడుపొచ్చి ఆగిపోయింది. చర్చంతా స్తోత్రం అంది.

అమ్మ గొంతులో అంత సంతోషం నేను అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు. లేచి వీధి తలుపు గడియ వేశాను. వాళ్ళొచ్చి కొట్టేదాకా తియ్యలేదు.

రాజమండ్రి మళ్ళీ వెళ్ళనన్నాను. తగ్గిపోయింది కదా అని అమ్మ బలవంతం చెయ్యలేదు. మరి కాలేజీకి ఎందుకు వెళ్ళనంటున్నానో మాత్రం ఆవిడకి అర్థం కాలేదు. కాలేజీ తెరిచిన రోజు నాన్న ఎప్పటిలాగే స్కూలుకి వెళ్ళిపోయారు. అమ్మ నా పక్కన కూచుని, నా చేతిలో లేసు సూది పెట్టి, మొదటి ముడి ఎలా వెయ్యాలో చూపించింది.