అవతలి జెర్సీలో మా అమ్మాయి

మా అమ్మాయి మేముండే ఇర్వింగ్‌లో ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడుతుంది. వాళ్ల జట్టుకి తనే కెప్టెన్, అందరికంటే పెద్ద అభిమానిని నేను. ఆ శనివారం మ్యాచ్ కొత్తగా పుట్టిన ఒక జట్టుతో. వాళ్లు అప్పటిదాకా ఒక్కటీ గెలవలేదు. పొద్దున్నే డ్రైవ్ చేస్తూ, "ఇవాళ కనీసం పది గోల్స్ తేడాతో కొట్టాలమ్మా" అన్నాను. తను నవ్వింది.

తీరా గ్రౌండ్‌కి వెళితే అవతలి జట్టులో ఇద్దరు రాలేదు. ఇక ఆట రద్దు చేసుకోవాల్సిందేనని వాళ్ల కోచ్ దిగులుపడుతున్నాడు. మా అమ్మాయి తన జట్టులోని ఇంకో అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లి, తామిద్దరం వాళ్ల తరఫున ఆడతామంది. వాళ్ల జెర్సీ తొడుక్కుని నా దగ్గరికొచ్చింది.

"నాన్నా, ఇప్పుడు ఎవరికి చీర్ చేస్తావ్?"

"నీకే. ఇంకెవరికి చేస్తాను?"

నేను అన్ని గోల్స్ తేడా ఆశిస్తే, చివరికి మా జట్టు ఒక్క గోల్ తేడాతో బయటపడింది. అవతలివాళ్ల గోల్స్‌లో మూడు మా అమ్మాయివే. ఆట అయ్యాక వాళ్ల కోచ్ వచ్చి నా చేయి పట్టుకుని, "మీ అమ్మాయేనా?" అని అడిగాడు.

"మా అమ్మాయే" అన్నాను, చుట్టుపక్కల అందరికీ వినబడేలా.