సారె ముందు కూర్చున్న వెంకటేశ్వరమ్మ

వెంకటేశ్వరమ్మకి కుండ చెయ్యడం వచ్చని ఆ ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. అందరికన్నా గట్టిగా అనుకున్నది వెంకటేశ్వరమ్మే.

చిలకలూరిపేట దగ్గర హైవే దిగి, స్పిన్నింగ్ మిల్లు గోడ పక్కగా, మిరపకాయలు ఆరబోసిన కళ్ళాల మధ్య నుంచి పోతే వచ్చే ఊరు అది. ఊరి చివర కుమ్మరి బజారు. పేరుకే బజారు, ఇప్పుడు మట్టి తొక్కే ఇల్లు ఒక్కటే మిగిలింది. మిగతావాళ్ళంతా మిల్లులకీ, ఆటోలకీ, టైల్స్ పనులకీ పోయారు. ఆ మిగిలిన ఇల్లు భావనారాయణది. వెంకటేశ్వరమ్మ అతని భార్య. ఆమె పుట్టింటివాళ్ళు పొదిలి దగ్గర పల్లెలో కుమ్మరులే. మట్టిలో పుట్టి మట్టిలోకే కాపురానికొచ్చిందని తోడికోడళ్ళు ఎకసెక్కాలాడేవాళ్ళు.

ఆ ఇంట్లో ఆమె చెయ్యని పని లేదు. మట్టి తెచ్చి నానబెట్టేది, రాళ్ళు ఏరేది, ఇసకా బూడిదా కలిపి పిక్కలు పట్టేసేదాకా తొక్కేది. భర్త సారె మీద, అంటే కుమ్మరి చక్రం మీద, తిప్పి దించిన కుండకి అడుగు ఉండదు. అది కాస్త ఆరాక లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టి కొట్టి అడుగు మూసి, గోడ పలచన చేసి, కుండకి కుండ రూపం తెచ్చేది ఆమే. కుండలు కాల్చే ఆవం పేర్చేది, ముట్టించేది కూడా ఆమే. పత్తి కట్టె దొరికితే సరే, లేకపోతే మిరప కట్టె. మిరప కట్టె పొగకి వీధి వీధంతా దగ్గుతూ తిడుతుంటే, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడేది. కాలిన కుండల్ని నెత్తిన పెట్టుకుని అమ్ముకొచ్చేది. ఇన్ని చేసినా ఆమెని ఎవరూ కుమ్మరి అనలేదు. కుమ్మరి భావనారాయణ. ఆమె కుమ్మరోళ్ళ వెంకటేశ్వరమ్మ.

ఎందుకంటే ఆమె సారె ముట్టుకోదు. ఆ కులంలో ఆడవాళ్ళు సారె ముట్టుకోకూడదు. ముట్టుకుంటే ఆవం నిలవదట, పెట్టిన కుండలన్నీ పగులుతాయట. ఆ కట్టుబాటు ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో అడిగితే పెద్దవాళ్ళు చెప్పారంటారు. ఆ పెద్దవాళ్ళని అడుగుదామంటే వాళ్ళు లేరు.

చిన్నప్పుడు పుట్టింట్లో ఒకసారి ముట్టుకుంది. తండ్రి అన్నానికి లేచినప్పుడు, ఇంకా తిరుగుతున్న సారె మీద ఊరికే వేలు ఆనించింది. తండ్రి ఎంగిలి చేత్తోనే లాగి చెంప మీద కొట్టాడు. సారెకి పసుపు నీళ్ళు చల్లి కొబ్బరికాయ కొట్టారు. ఆ వారం ఆవంలో సగం కుండలు పగిలాయి. నిజానికి ఆవం ముట్టించిన మధ్యాహ్నం పెద్ద వాన కురిసింది. వానని ఎవరూ ఏమీ అనలేదు. పెళ్ళై వచ్చేదాకా ఆ పగిలిన కుండలు ఆమె ఖాతాలోనే ఉండిపోయాయి.

అందుకే అత్తవారింట్లో ఎప్పుడూ దొంగచాటుగా కూడా సారె జోలికి పోలేదు. భయం కొంత. పౌరుషం అంతకంటే ఎక్కువ. "నాకేం ఖర్మ, ఎవురూ లేనప్పుడు ముట్టుకోడానికి? అడిగే కూర్చుంటా" అనుకునేది. అడగలేదు. మట్టి ముద్దలు అందిస్తూ, భర్త చేతులు చూస్తూ ఉండిపోయింది. చూసి చూసి ఆమెకి అంతా వచ్చేసిందనిపించింది. ముద్ద ఎప్పుడు మధ్యకొచ్చిందో, బొటనవేలు ఎప్పుడు దిగాలో, ఏ క్షణంలో గోడ లేపాలో కళ్ళు మూసుకుని చెప్పగలదు. "అంచు మందమైంది, ఇంకాస్త లాగు" అనేది. భావనారాయణ విసుక్కుంటూనే లాగేవాడు. కుండ బాగా కుదిరేది. ఆ కుండ తనదేననుకునేది వెంకటేశ్వరమ్మ. చేతులు అతనివి, తెలివి తనది. ఆ నమ్మకమొక్కటే ఆమె ఆస్తి, దాన్ని ఎవరికీ చూపించకుండా దాచుకుంది.

ఇట్లా రోజులు గడుస్తుండగా ఉదయ్ కుమార్ వచ్చాడు. గుంటూరు కుర్రాడు, వ్యాన్లు తిప్పే వ్యాపారం. తిరుపతికీ శ్రీశైలానికీ అందరూ తిప్పుతున్నారని కొత్తగా ఏదైనా చెయ్యాలని వాడి తపన.

"మెక్సికో అని ఒక దేశం ఉంది పిన్నిగారూ," అని అరుగు మీద కూర్చుని ఫోను తీశాడు. "అక్కడ కుండలు చేసే ఊళ్ళూ, చేతిపనుల ఊళ్ళూ చూపించడానికి జనాన్ని బండెక్కించుకుని తిప్పుతారు. పొద్దున పోయి సాయంత్రానికి వచ్చేయొచ్చు. గైడు పక్కనుండి అంతా చెప్తాడు. మనమూ అట్టాగే చేద్దాం. పొద్దున మంగళగిరి మగ్గాలు, మధ్యాహ్నం మీ ఇల్లు, సాయంత్రం చీరాల."

ఫోనులో ఒక వీడియో పెట్టాడు. వెంకటేశ్వరమ్మ ఈడు మనిషే, నెరిసిన జడలు రెండు ముందుకేసుకుని, నేల మీద కూర్చుని కుండ చేస్తోంది. చుట్టూ తెల్లవాళ్ళు నిలబడి చూస్తున్నారు. ఆ మనిషి ఎవరి వంకా చూడటం లేదు. చేతులకేసి చూసుకుంటోంది.

"ఆడమనిషి చేస్తందేంటి?" అంది వెంకటేశ్వరమ్మ.

"అక్కడ చాలా ఊళ్ళల్లో ఆడవాళ్ళే చేస్తారండి."

మళ్ళీ పెట్టమంది. మళ్ళీ చూసింది. మూడోసారి అడగబోతే భావనారాయణ అడ్డుపడ్డాడు. "వాళ్ళ దేశం వేరు, మన దేశం వేరు. ఆపవయ్యా అది."

ఆదివారం ఆదివారం వ్యాను రావడం మొదలైంది. హైదరాబాదు నుంచీ విజయవాడ నుంచీ జనం. మట్టి కుండలో నీళ్ళు తాగి ఆహా అన్నారు, మిరప కళ్ళాల దగ్గర తుమ్ముతూ ఫోటోలు దిగారు. భావనారాయణ తలపాగా చుట్టుకుని సారె తిప్పితే చప్పట్లు కొట్టారు. ఇంతవరకూ బాగానే ఉంది. తర్వాత ఉదయ్ కుమార్, "మీరూ ట్రై చెయ్యొచ్చు మేడమ్" అన్నాడు. జీన్సులేసుకున్న పిల్లలూ, కాలేజీ లెక్చరర్లూ, డాక్టరుగారి భార్యలూ వరసగా సారె ముందు కూర్చున్నారు. భావనారాయణ వంగి వాళ్ళ చేతులు పట్టుకుని, "ఇట్టా ఆనించమ్మా, ఇట్టా" అని నేర్పాడు. వెంకటేశ్వరమ్మ మట్టి ముద్దలు అందించింది.

ఆ సాయంత్రం అడిగింది. "వాళ్ళు ఆడోళ్ళు కాదా?"

"వాళ్ళు మన ఇళ్ళ ఆడోళ్ళు కాదుగా."

"ఆవం పగలదా?"

"వాళ్ళు చేసినయ్యి మన ఆవంలో పెడతన్నామా ఏంది? ఊరికే సరదా," అన్నాడు భావనారాయణ. ఆమె అన్నం వడ్డించింది. ఆ రాత్రి తను మాత్రం తినలేదు.

మరుసటి ఏడు భావనారాయణ చేతులు వణకడం మొదలైంది. డాక్టరు బిళ్ళలిచ్చాడు, వణుకు తగ్గలేదు. కర్రతో సారె తిప్పగలడు గానీ గోడ లేపలేడు. వరసగా రెండు ఆదివారాలు జనం చూస్తుండగానే కుండలు కూలిపోయాయి. కొడుకు కోటేష్ మిల్లులో షిఫ్టులకి పోతాడు, వాడికి మట్టి వాసన గిట్టదు. ఉదయ్ కుమార్ మొహమాటపడుతూనే అసలు సంగతి చెప్పాడు. "కుండ లేవకపోతే వచ్చినవాళ్ళకి చూపించడానికి ఏముంటుంది బాబాయ్‌గారూ? వచ్చే వారం నుంచి ఇటు రాకుండా పోదామనుకుంటున్నా."

"ఎందుకు రావు? నేను లేపుతా," అంది వెంకటేశ్వరమ్మ. ఆ మాట ఇన్నేళ్ళూ నాలుక చివరనే ఉంది.

భావనారాయణ గయ్యిమన్నాడు. వంశం అన్నాడు, సారె అన్నాడు, చచ్చిపోయిన తండ్రిని తీసుకొచ్చాడు. ఆమె ఈసారి వెనక్కి తగ్గలేదు. "ఆ డాక్టరు గారి పెళ్ళాం కూర్చుంటే లేని తప్పు నేను కూర్చుంటే వచ్చిందా? దాని చెయ్యి పట్టుకుని నేర్పావు కదయ్యా! నాకు నేర్పొద్దు. నాకు వచ్చు. తిప్పు, చాలు." నాలుగోనాడు, "నీ ఇష్టం. పగిల్తే నన్నడగమాక," అన్నాడతను.

ఆదివారం తెల్లారకముందే లేచి తలంటుకుంది. మంచి చీర కట్టుకోబోయి, మట్టి అవుతుందని మానేసి, మళ్ళీ అదే కట్టుకుంది. ఎన్నడూ లేనంత మెత్తగా మట్టి తొక్కింది. వ్యాను వచ్చింది. ఉదయ్ కుమార్ గొంతు పెంచి, "ఈ రోజు మీరు చాలా స్పెషల్. మొదటిసారి ఈ ఇంటి మహిళ సారె మీద కుండ చేస్తున్నారు," అన్నాడు. అందరూ ఫోన్లు ఎత్తారు.

వెంకటేశ్వరమ్మ సారెకి దణ్ణం పెట్టి కూర్చుంది. భావనారాయణ కర్ర పెట్టి తిప్పాడు. సారె వేగం అందుకుంది. ముద్దని నడిమధ్యన వేసింది, చేతులు తడుపుకుంది, ఆనించింది.

మట్టి ఆమెని ఒక్క తోపు తోసింది. అది ఇంత బలంగా తోస్తుందని చూసినన్నాళ్ళూ తెలియలేదు. చూస్తే మెత్తగా, వెన్నలా తిరుగుతుంది. చేతికింద మాత్రం మొండి దూడలాగా గింజుకుంటోంది. మధ్యకి తేవాలి, తెలుసు. ఎట్లా తేవాలో చేతులకి తెలియదు. బయట నుంచి చెక్కతో కొట్టడానికి అలవాటుపడ్డ చేతులవి. బలం పెట్టడమే తెలుసు, ఆపడం తెలియదు. నొక్కింది. ముద్ద పక్కకి ఒరిగింది. బొటనవేలు దింపింది. ఒకవైపు మందం, ఒకవైపు పలచన. "ఇప్పుడు లేపాలి" అని లోపల నుంచి ఎవరో చెప్తున్నారు, ఇన్నేళ్ళూ చెప్పిన గొంతే, తన గొంతే. లేపింది. గోడ చిరిగింది. పెచ్చు ఊడి మంచి చీర మీద పడింది.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకో ముద్ద వేసింది. అదీ అంతే.

"చూశారా ఎంత కష్టమో!" అన్నాడు ఉదయ్ కుమార్, గైడు కదా, దేన్నైనా వేడుక చెయ్యగలడు. "అయినా పిన్నిగారి ధైర్యానికి చప్పట్లు!" అందరూ కొట్టారు. మనస్ఫూర్తిగానే కొట్టారు, పాపం. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు.

గుంపులోంచి శ్రీరమ్య అనే అమ్మాయి ముందుకొచ్చింది. "ఆంటీ, నేనొకసారి ట్రై చెయ్యనా? హైదరాబాద్‌లో వీకెండ్ క్లాసులకి వెళ్తున్నాను." వెంకటేశ్వరమ్మ లేచింది. అలవాటు కొద్దీ ముద్ద చేసి అందించింది కూడా. ఆ పిల్ల మోచేతులు తొడల మీద ఆనించుకుని, ఊపిరి బిగపట్టి, ముద్దని మధ్యకి తెచ్చింది. గోడ లేచింది. గొప్ప కుండేం కాదు, మెడ కాస్త వంకర. కానీ నిలబడింది.

"క్లే ఎంత బాగుందో ఆంటీ! మా క్లాసులో ఇలాంటిది దొరకదు."

భావనారాయణ వణుకుతున్న చేతులు రెండూ చాచి, కుండని కళ్ళకి దగ్గరగా చూసి, మొహమంతా నవ్వుతో, "భలే లేపావమ్మా! చెయ్యి కుదిరింది నీకు," అన్నాడు.

వెంకటేశ్వరమ్మకి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ పిల్ల మీద కాదు. కుండ కూలిందని కూడా కాదు. చెయ్యి కుదిరిందనే మాట ఒక మనిషి ఇంకో మనిషితో అనగలిగేదేనని, ఈయనకి ఆ మాట వచ్చునని ఇవాళే తెలిసింది. చెక్కతో కొట్టి ఆమె నిలబెట్టిన కుండలతో ఊరు ఊరంతా నీళ్ళు తాగింది. వాటిలో ఒక్కదాని గురించీ ఆ మాట రాలేదు.

శ్రీరమ్య పుల్లతో కుండ భుజం మీద తన పేరు గీసుకుంది. "అడుగు మూసి, కాల్చి ఉంచండి పిన్నిగారూ, వచ్చే వారం వచ్చి తీసుకెళ్తా. పేరు చెరగనివ్వకండి," అని ఉదయ్ కుమార్ మరీ మరీ చెప్పాడు. వాడు మళ్ళీ వస్తానన్నాడు. నేర్చుకున్న పిల్లలు సొంతంగా కుండ చేసుకునే చోటు అని ఇకపై బోర్డు రాయిస్తాడట. సారె తిప్పడానికి బాబాయ్, మట్టి ఇవ్వడానికి పిన్ని. వ్యాను చీరాల దారి పట్టింది.

ఎండ తగ్గాక భావనారాయణ దగ్గరకొచ్చి కూర్చున్నాడు. గొంతులో ఎకసెక్కం లేదు. ఆమె భయపడింది దానికే.

"రేపట్నించి పొద్దున్నే కాసేపు కూర్చో. నేను తిప్పుతా. మెల్లిగా అదే వచ్చుద్ది."

"నువ్వెప్పుడు కూర్చున్నావయ్యా మొదట?"

"పలక పట్టకముందే కూర్చోబెట్టాడు మా నాయన. చెయ్యి కుదిరేసరికి మీసాలొచ్చినయ్యి."

"మరి నన్నెప్పుడు కూర్చోమంటన్నావు?"

అతను సారె తిప్పే కర్ర తీసి గోడకి ఆనించాడు.

"నాకు రాదని తెలిశాక కూర్చోమంటన్నావు," అంది వెంకటేశ్వరమ్మ. "వచ్చుద్దేమోనని భయమున్నన్నాళ్ళూ కూర్చోనియ్యలా."

కాదంటాడేమోనని చూసింది. కాదనలేదు. సారె అంచుకి ఎండిన మట్టిని గోటితో గీకుతూ కూర్చున్నాడు.

శ్రీరమ్య కుండ కొట్టడానికి సరిగ్గా ఆరింది. ఇంకా ఆగితే పగులుతుంది. వెంకటేశ్వరమ్మ దాన్ని ఒళ్ళో పెట్టుకుని, లోపల రాయి ఆనించి, చెక్క తీసుకుంది. వంకర మెడ సరిచేసింది, అడుగు మూసింది. భుజం దగ్గరకొచ్చేసరికి దెబ్బ తేలిక చేసి, ఆ పిల్ల పేరులో ఒక్క గీత చెడకుండా చుట్టూ కొట్టుకుంటూ వచ్చింది.