తవిటమ్మ కట్టిన పాలవెల్లి

తవిటమ్మ ఇంట్లో ఏదీ పూర్తిగా పోదు. గ్లాసు పగిలితే అడుగు మిగులుతుంది. చీర చిరిగితే అంచు మిగులుతుంది. గాలికి తిరగబడి చచ్చిపోయిన గొడుగు కూడా, తలుపు వెనక కొక్కెమై ఇంకొన్నేళ్ళు బతుకుతుంది.

ఆమె పేరే అలాంటిది. తనకు ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కకపోతే, పుట్టిన మూడోనాడు తల్లి ఆమెను చేటలో పడుకోబెట్టి పక్కింటివాళ్ళకి ఇచ్చేసింది. మళ్ళీ వాళ్ళ దగ్గర గుప్పెడు తవుడుకి కొనుక్కుంది. తవుడు ఖరీదు చేసే పిల్లను చావు పట్టించుకోదని నమ్మకం. చావు పట్టించుకోలేదు. పనికిరానిదని పారేసిన దాంట్లోనే ప్రాణం దాక్కుంటుందని తవిటమ్మకి అలా పేరుతోపాటే తెలిసింది.

బరంపురం స్టేషను దాటాక, గేటు అవతల పట్టాల వెంబడి సాగే సందులో ఆమెది రెండు గదుల ఇల్లు. గూడ్సు బండి వెళ్ళినప్పుడల్లా ఇల్లు సన్నగా వణుకుతుంది. గూట్లో సామాన్లు ఒకదాన్నొకటి తాకి ఏదో చెప్పుకుంటాయి. మొదట్లో ఆ చప్పుడుకి ఆమెకు నిద్రపట్టేది కాదు. ఇప్పుడు ఆ చప్పుడు లేకపోతే పట్టదు.

భర్త లోకనాథ్ రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. మొదటి ఉద్యోగం ఖల్లికోటలో. ఆ స్టేషను క్వార్టర్లోనే వాళ్ళ పాలవెల్లి మొదలైంది.

వినాయక చవితికి దేవుడి తల మీద వేలాడదీసే చెక్క చట్రం అది. అందరూ దానికి వెలక్కాయలు, జామకాయలు, మొక్కజొన్న పొత్తులు, మామిడాకులు కడతారు. వాళ్ళ పెళ్ళయిన ఆ యేడు చవితికి వాన విడవలేదు. సంతకి ఎవరూ రాలేదు. పార్సిలు పెట్టె పలకలతో లోకనాథ్ చట్రమైతే చేశాడు గానీ, కట్టడానికి ఒక్క కాయ కూడా దొరకలేదు. కొత్త కోడలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"పళ్ళెందుకే ఆయనకి? బొజ్జ ఇప్పటికే పంచెలో పట్టడం నేదు," అన్నాడు లోకనాథ్. ఆ పొద్దున ఆమె చేతిలోంచి జారి పగిలిన టీకప్పు చెవిని దారంతో చట్రానికి కట్టాడు. "ఇదిగో, ఈ యేడు మనింట్లో కాసిన కాయ."

అప్పటినుంచి అదే వాళ్ళ ఆచారమైంది. పళ్ళు ఎన్ని కట్టినా, ఆ యేడు ఇంట్లో విరిగినదో మిగిలినదో ఒకటి పాలవెల్లికి చేరాలి. కూతురు పద్మిని మొదటి గాజుముక్క చేరింది. పద్మిని పట్టుచీరల దుకాణంలో పనికి చేరిన యేడు, అక్కడి మగ్గం మీద చీర కోసి తీశాక మిగిలిన ఎర్రదారపు కుచ్చు చేరింది. పైలిన్ తుఫానుకి ఇంటి రేకులన్నీ ఎగిరిపోయినప్పుడు, ఒకే ఒక్క రేకుని వదలకుండా పట్టుకున్న మేకు చేరింది. లాక్‌డౌన్‌లో రైళ్ళు ఆగిపోయిన యేడు, ఊపేవాళ్ళు లేక మూల ముడుచుకున్న ఆకుపచ్చ జెండా పీలిక చేరింది. పండగ అయ్యాక పళ్ళు తీసేసేవారు. ఇవి తీసేవారు కాదు. చట్రాన్ని పాత చీరలో చుట్టి అటక మీద పెట్టేవారు. ఏడాది పొడుగునా ఆ ఇంటి ఆకాశం అటక మీద మడతపెట్టి ఉండేది.

మొన్న మాఘంలో లోకనాథ్ పోయాడు. గుండెలో నొప్పి అన్నాడు, మంచినీళ్ళు అడిగాడు. నీళ్ళు వచ్చేసరికి లేడు. చుట్టాలు వచ్చి చేయవలసినవన్నీ చేశారు. పోయినవాడి పరుపు, చొక్కాలు, చెప్పులు ఇంట్లోంచి తీసేశారు. అవి గుమ్మం దాటుతుంటే, అతన్నే ఇంకోసారి మోసుకెళ్తున్నట్టు అనిపించింది తవిటమ్మకి. కళ్ళజోడొక్కటి ఎవరికీ కనపడకుండా కొంగున ముడేసుకుంది.

చితికి నిప్పు పెట్టింది లోకనాథ్ అన్నగారు వైకుంఠరావు. ఇచ్ఛాపురం సరిహద్దుకి ఈవలి పల్లెలో ఆయనది వ్యవసాయం. లోకనాథ్‌కి కొడుకుల్లేరు కాబట్టి సంవత్సరీకం పెట్టవలసిందీ ఆయనే. పదోనాడు అరుగు మీద కూర్చుని, ఏడాది తిరిగేదాకా ఈ ఇంటికి పండగలు లేవని చెప్పాడు. అందరూ తలలూపారు. అది ఆయన పెట్టిన మాట కాదు, తాతల నాటిది.

భాద్రపదం వచ్చింది. పట్టుచీరల దుకాణంలో ఫాల్సు కుట్టే పద్మిని పని ముగించుకుని ఇంటికి వచ్చేసరికి, తల్లి స్టూలు తెచ్చి అటక కింద పెట్టి ఉంచింది.

"ఎక్కు," అంది.

"అమ్మా, మనకి ఈ యేడు నేదు కదే."

"ఏటి నేదు?"

"పండగ."

"పండగ నేకపోతే పోనీ. పాలవెల్లి కట్టాల."

"పండగ నేకుండా పాలవెల్లేటే?"

"ఏటంటే, ఒక యేడు కట్టకపోతే అక్కడ కన్నం పడిపోతాది. మీ నాన్న పోయిన యేడే కన్నం ఒగ్గెయ్యమంటావేటి?"

పద్మిని ఎక్కి దింపింది. దుమ్ము దులుపుతూ మెల్లగా అంది. "పోనీ తలుపేసుకుని కట్టుకుందామే. ఎవలికీ తెలీదు."

"దొంగచాటుగా కట్టుకోడానికి నాను ఎవలి మొగుణ్ణి ఎత్తుకొచ్చినాను? నా మొగుడికే కదా కడుతున్నాను. ఫోనియ్యి, మీ పెదనాన్నకి నానే సెప్తాను."

చెప్పింది. "బావగారూ, చవితికి పాలవెల్లి కడుతున్నాను. మీకు సెప్పకుండా కట్టడం మర్యాద కాదని సెప్తన్నాను."

అవతల ట్రాక్టరు చప్పుడు ఆగిపోయింది.

"నీకు మతి పోనాదేటి? ఏడాది మైల ఇంట్లో పాలవెల్లేటి?" అన్నాడు వైకుంఠరావు. "ముందే సెప్తన్నాను ఇనుకో. ఆ సట్రం ఏలాడిందా, మాఘంలో సంవత్సరీకానికి నాను రాను. నా ఎనకాల సుట్టాలెవలూ రారు. నా తమ్ముడు ఆకలితో తిరుగుతాడు. ఆ పాపం నీదే."

ఫోను పెట్టేశాక తవిటమ్మ చట్రం పక్కన చతికిలబడింది. మైల అన్న మాట ఆమెను తాకలేదు. ఆకలి అన్న మాట తాకింది. లోకనాథ్ ఆకలికి ఆగలేని మనిషి. డ్యూటీకి వెళ్తూ క్యారియరు మూత సందులోంచి వాసన చూసి, స్టేషను చేరకముందే సగం తినేసేవాడు. అలాంటివాడు ఎక్కడో, తిండి పెట్టే చెయ్యి లేక, ఖాళీ పట్టాల మీద నడుస్తున్నట్టు కళ్ళ ముందు కదిలింది. చట్రాన్ని మళ్ళీ చీరలో చుట్టడం మొదలుపెట్టింది. చుడుతుంటే టీకప్పు చెవి తగిలింది. చుట్టినదంతా విప్పేసింది.

చవితి పొద్దున గదిలో దూలానికి చట్రం వేలాడింది. తవిటమ్మ కొంగుముడి విప్పి కళ్ళజోడు తీసింది. ఈ యేడు ఇంట్లో విరిగింది ఒక్కటే. దాన్ని దారానికి కట్టలేం. ఆ మనిషి లోకాన్ని చూసిన అద్దాల్ని కట్టొచ్చు. పట్టుదారాన్ని పేనింది, సరిగ్గా నడిమధ్య కట్టింది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు అద్దాల్లో పడి, గోడ మీద రెండు తెల్లటి చుక్కలై ఊగింది.

పక్కింటి సరళ గరిక తీసుకుని వచ్చింది. ఒడియా ఇంటి కోడలు, తెలుగు ఈ సందులోనే నేర్చుకుంది. తలెత్తి చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "మావుసీ, ఇది పూజా, పాత సామాను కబాడీ దుకాణమా?"

"కబాడీవాడు తూకం ఏస్తాడు సరళా. నాను ఎయ్యను."

అప్పుడే గుమ్మంలో గొడుగు చప్పుడైంది. పొద్దుటి పాసింజరుకి దిగి వచ్చాడు వైకుంఠరావు. ఆయన వస్తే తవిటమ్మ తలుపు చాటుకి వెళ్ళేది. ఇన్నేళ్ళుగా ఆయన చూసింది ఆమె చీర అంచునే గానీ మొహాన్ని కాదు. ఈ పూట ఆమె కూర్చున్న పీట మీంచి లేవలేదు.

"దింపు," అన్నాడు.

"కాళ్ళు కడుక్కోండి బావగారూ. నీళ్ళు పెట్టినాను."

"ముందు అది దింపు."

"నాను దింపను. మీరే దింపండి. స్టూలుంది."

ఈ మాట ఆయన ఊహించలేదు. ఊళ్ళో ఆయన మాట అంటే పని అయిపోయేది. చేతులు ఆడించే అవసరం ఎప్పుడూ రాలేదు. పంచె ఎగ్గట్టుకుని స్టూలెక్కాడు. స్టూలు ఊగింది. పద్మిని పరుగున వచ్చి రెండు చేతులా పట్టుకుంది. అదే సమయానికి గూడ్సు బండి వచ్చింది. ఇల్లు వణికింది, పాలవెల్లి మొత్తం గలగలలాడింది, వెలక్కాయ ఒకటి ఊగి ఆయన నుదుటికి టక్కున తగిలింది. సరళ కొంగులో నవ్వు దాచుకుంది గానీ భుజాలు దాచుకోలేకపోయింది.

"ఈ మేకేటి? దేవుడి నెత్తి మీద తుప్పు మేకేటి?"

"పైలిన్ మేకు. ఆ రేత్రి అది పట్టుకున్న రేకు కిందే ముగ్గురం కూకున్నాం. ఇప్పండి."

ఆయన చెయ్యి మేకుని వదిలి పక్కకి జరిగింది. కళ్ళజోడు దగ్గర ఆగింది. మొహం నల్లబడింది.

"సచ్చినోడి కళ్ళజోడు దేవుడి మీద కడతావా? అంటు కదేటి!"

"బతికున్నన్నాళ్ళూ ఆ దేవుణ్ణి సూసింది దాంతోనే కదా. అప్పుడు అంటనిది ఇప్పుడెలా అంటింది బావగారూ?"

"నోరు లేసింది నీకు."

"లేసింది. కూకోబెట్టడానికి ఆయన నేడు."

వైకుంఠరావు కళ్ళజోడు పట్టుకుని లాగాడు. పట్టుదారం తెగలేదు. ఇంకా గట్టిగా లాగాడు. చట్రం వంగింది, దారం మాత్రం తెగలేదు.

"కత్తి తే," అన్నాడు పద్మినితో.

పద్మిని కదల్లేదు. స్టూలుని ఇంకా గట్టిగా పట్టుకుంది. "నాను ఒగ్గితే నువ్వు పడిపోతావు పెదనాన్నా," అంది.

ఆయన కిందికి చూశాడు. తమ్ముడి కూతురు, తమ్ముడి పెళ్ళాం, గుమ్మంలో పరాయి ఇంటి కోడలు. ముగ్గురూ తన వైపే చూస్తున్నారు, ఒక్కరూ కత్తి కోసం లేవలేదు. మెల్లగా దిగాడు. పంచె దులుపుకున్నాడు.

"సరే. మాఘంలో నా కోసం సూడొద్దు. మా గడప తొక్కొద్దు. నా తమ్ముడితోనే పోనాది మీకూ మాకూ."

కాళ్ళు కడుక్కోలేదు. నీళ్ళు తాగలేదు. ఆయన సందు దాటి, పట్టాలు దాటి, గొడుగు కనపడకుండా పోయేదాకా తవిటమ్మ గుమ్మంలో నిటారుగా నిలబడింది. ఆ తర్వాత గోడ పట్టుకుంది. పద్మిని వచ్చి భుజం కింద చెయ్యి వేసింది.

"ఎల్లి పిలుసుకురమ్మంటావా అమ్మా? ఇంకా స్టేషన్లోనే ఉంటాడు."

"ఏటని పిలుస్తావు? కత్తి తెచ్చినానని సెప్తావా?" కొంగుతో మొహం తుడుచుకుంది. "ఉండ్రాళ్ళు సల్లారిపోతాయి. పీట ఎయ్యి."

పూజ చేసింది. మట్టి వినాయకుడి మీద ఒక్కో ఆకూ వేస్తూ పేర్లు చదివింది. కొన్ని తప్పుగా చదివింది, ఆగలేదు. ఏటా వచ్చే ఇరుగుపొరుగులో సగం మంది రాలేదు. వచ్చినవాళ్ళు గుమ్మం దగ్గరే నిలబడి, కళ్ళజోడు వంక ఒకసారి, తవిటమ్మ బోసి నుదుటి వంక ఒకసారి చూసి వెళ్ళిపోయారు. ఉండ్రాళ్ళు చాలా మిగిలిపోయాయి. "మిగిలితే మంచిదే," అంది తవిటమ్మ, గిన్నె మీద మూత పెడుతూ. కథ చదవడం ముగించి, పద్మిని తల మీద అక్షతలు వేసింది, సరళ తల మీద వేసింది. తన తల మీద వేసుకోలేదు.

సాయంత్రానికి మబ్బు విచ్చింది. చంద్రుడు కంటబడితే నింద పడుతుందని సందులో కిటికీలు ఒక్కొక్కటిగా మూసుకున్నాయి. తవిటమ్మ గుమ్మం దిగి బయటికి వచ్చింది.

"మావుసీ!" సరళ తన తలుపు సందులోంచి కేక వేసింది. "జహ్న వచ్చింది, చందమామ! చూడొద్దు, లోపలికి పో!"

తవిటమ్మ తలెత్తింది. పట్టాల అవతల, సిగ్నలు స్తంభం పక్కన, గోటితో గీరినంత చంద్రుడు. వానకి తడిసి మెరుస్తున్నాడు. పొరపాటున చూసినవాళ్ళలా ఆమె చూపు తిప్పుకోలేదు. మొహంలోకి మొహం పెట్టి చూసింది, బాకీ ఉన్నవాడిలా చంద్రుడే మబ్బు చాటుకి పోయేదాకా చూసింది. మబ్బు జరిగితే మళ్ళీ చూసింది.

"నింద పడతాదే అమ్మా," లోపల్నుంచి పద్మిని అంది.

"పడనీ. పొద్దున్న పడ్డదాని మీద ఇంకేటి పడతాది?"

కాసేపటికి పద్మిని కూడా వచ్చి పక్కన నిలబడింది. కళ్ళు మూసుకుని నిలబడింది ముందు. తర్వాత తెరిచింది. తలెత్తింది.

"మాఘంలో పిండం నాను పెడతాను," అంది.

"పంతులు ఒప్పుకోడు."

"ఒప్పుకునేవోడు దొరికేదాకా ఎతుకుదాం. దొరక్కపోతే ఋషికుల్య ఒడ్డుకి మనిద్దరమే ఎల్దాం. నాన్న నా సేతి ముద్ద ఒద్దంటాడేటి?"

దూరంగా బండి వస్తున్న చప్పుడు. వాళ్ళ పాదాల కింద నేల అదరడం మొదలైంది. బండి వచ్చింది, పెట్టె తర్వాత పెట్టె, వెలుగు తర్వాత వెలుగు వాళ్ళ మొహాల మీంచి వెళ్ళిపోయింది. చివరి పెట్టె కూడా దాటాక తవిటమ్మ అంది.

"పప్పు ఎక్కువ కలపాల. ఉట్టి అన్నం మీ నాన్న ముట్టుకోడు."