ఇంటూ మామ ఎర్రడబ్బా

మున్సిపాలిటీలో గోడల మీద రాతలు రాసే పెయింటరుని కాలువగట్టు వీధిలో ‘ఇంటూ మామ’ అంటారు. ముద్దుగా పెట్టిన పేరేం కాదు. కాలువ వెడల్పు చేసినప్పుడు కూల్చాల్సిన ఇళ్ళ మీద ఎర్రరంగుతో ఇంటూ గుర్తులు వేసింది ఆయనే. తెల్లారేసరికి బుల్డోజర్లు దిగాయి. గోడలు కూలాయి, అడ్డొచ్చినవాళ్ళ తలలు పగిలాయి. ఆ గుర్తుల్లో ఒకటి సొంత అక్క ఇంటి మీదిది.

“ఉద్యోగం అక్కా, నేనేం చెయ్యను?” అన్నాడు మామ.

అక్క చెంప ఛెళ్ళుమనిపించింది. “నా గడప తొక్కావంటే కాళ్ళు విరగ్గొడతాను” అంది. అన్నంత పనీ చేసే మనిషి. అదే వీధి చివర మళ్ళీ ఇల్లు కట్టుకుంది గానీ ఆ తలుపు తమ్ముడికి తెరుచుకోలేదు.

మామ కూడా తక్కువ తినలేదు. ‘ఇంటూ’ అని పిలిచినవాడి మూతి మీద కుంచె కర్రతో ఒక్కటి ఇచ్చేవాడు. టీ బడ్డీ దగ్గర ఒకడి చెవి కొరికి, తన పన్ను ఊడగొట్టించుకున్నాడు. అంత మొనగాడికీ అక్క మాటెత్తితే నోరు పడిపోయేది.

ఈమధ్య ఆ వీధిలో బోర్లన్నీ ఎండిపోయాయి. డాబాల మీద పడే వాన నీళ్ళని ఇంకుడు గుంతల్లోకి మళ్ళించాలని యూనివర్సిటీ పిల్లలూ మున్సిపాలిటీ వాళ్ళూ కలిసి పని మొదలుపెట్టారు. కొలతలు పిల్లలవి, తవ్వకం మున్సిపాలిటీది, తవ్వే చోట గోడ మీద గుర్తు పెట్టడం మామది. పిల్లలకి పెద్దదిక్కు ఒక కళ్ళద్దాల అమ్మాయి. నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ పట్టిన పట్టు వదలదు.

“నీలం రంగు తెప్పించండి అంకుల్” అంది.

స్టోరులో నీలం లేదు. ఉన్నది పాత ఎర్రడబ్బాయే.

“రంగుదేముందమ్మా? ఈసారి ఇంటూ కాదుగా, సున్నా. చూస్తే తెలీదూ?” అన్నాడు మామ.

ఎలా తెలుస్తుంది? వీధిలో ఎవరికీ ఒక్క ముక్క చెప్పిన పాపాన పోలేదు. మున్సిపాలిటీ చెప్పిందని పిల్లలు, పిల్లలు చెప్పారని మున్సిపాలిటీ అనుకున్నారు. మామ ధ్యాసంతా వీధి చివరి ఇంటి మీదే ఉంది. ఇల్లు కూల్చే గుర్తు పెట్టిన చేత్తోనే అక్కకి నీళ్ళొచ్చే గుర్తు పెడితే, అది చూసైనా తలుపు తీయదా అని ఆశ. అక్క గోడ మీద సున్నాని అన్నిటికంటే గుండ్రంగా చుట్టాడు. తలుపు తట్టే ధైర్యం లేక వెనక్కి తిరిగాడు.

అప్పటికే జనం ఎగబడి వస్తున్నారు.

“వీడు మళ్ళీ ఎర్రడబ్బా పట్టుకొచ్చాడ్రా!”

మొదటి ఇటుక టేపు పట్టుకున్న కుర్రాడి మోకాలికి తగిలింది. వాడు కుంటుకుంటూ పక్క సందులో పడ్డాడు, మిగతా పిల్లలు వాడి వెంట పరిగెత్తారు. కళ్ళద్దాల అమ్మాయి మాత్రం చేతులు అడ్డం పెట్టి నిలబడింది.

“కూల్చడానికి కాదండీ! నీళ్ళ కోసం!”

వినే నాథుడు లేడు. రెండో ఇటుక ఆ పిల్ల నుదురు చీల్చింది. అద్దాలు పగిలి, రక్తం కళ్ళలోకి కారింది.

మామకి ఒళ్ళు మండిపోయింది. రంగుడబ్బా గిరగిరా తిప్పి ముందున్నవాడి దవడ పగలగొట్టాడు. మూత ఊడి ఎర్రరంగు అందరి మీదా చిందింది. ఏది రంగో ఏది నెత్తురో తెలియలేదు. ఎవడో ఇనుపరాడ్డుతో ఆయన మోచేతి మీద మోదాడు. ఎముక విరిగిన చప్పుడు ఆయనకే వినిపించింది. మిగిలిన చేత్తో అమ్మాయిని భుజాన వేసుకుని అక్క ఇంటి మెట్లెక్కాడు. చెయ్యి ఖాళీ లేక తలతోనే తలుపు బాదాడు.

“అక్కా! తలుపు తియ్యవే! చచ్చిపోతామే!”

గడియ తీసిన చప్పుడైంది. గుమ్మంలో అక్క. జుట్టంతా నెరిసిపోయింది. ముందు అమ్మాయి మొహం చూసింది. తరవాత గోడ మీద తడి ఆరని ఎర్రరంగు చూసింది. చివరికి తమ్ముణ్ణి చూసింది.

“పిల్లని ఇటివ్వు.”

ఇచ్చాడు. అమ్మాయిని లోపలికి లాక్కుంది. మామ గడప మీద కాలు పెట్టాడు.

“నువ్వు కాదు” అంది అక్క. రొమ్ము మీద చెయ్యి పెట్టి ఒక్క తోపు తోసి, తలుపు మూసి గడియ పెట్టేసింది.

వీధంతా ఆయన మీద పడింది. పక్కటెముకలు విరిగేలా తన్నారు. కుంచె పట్టే వేళ్ళని చెప్పుకాళ్ళతో నలిపారు. ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి కడుపుమంట ఉండొచ్చు, కాదనం. కిందపడ్డ మనిషిని అలా తంతారా? లోపలినించి ఆ పిల్ల “ఆయన్ని రానివ్వండి ఆంటీ!” అని ఏడుస్తూనే ఉంది. పోలీసులు వచ్చేదాకా తలుపు కదల్లేదు.

తరవాత ఇంటింటికీ తిరిగి చెప్పి గుంతలు తవ్వారు. వానలు పడ్డాక బోర్లలో నీళ్ళొచ్చాయి, అక్క బోరులో కూడా. మామ చెయ్యి మాత్రం వంకర తిరిగిపోయింది. కుంచె పట్టలేడని ఆఫీసు గేటు దగ్గర కూర్చోబెట్టారు. నుదుటి మీద మచ్చతో ఆ అమ్మాయి అప్పుడప్పుడూ చూడ్డానికి వస్తుంది. అక్క ఇంతవరకూ రాలేదు.

గేటు దగ్గర ఎవరైనా ఆ గొడవ సంగతి అడిగితే మామకి హుషారొస్తుంది. ఇటుకలు, రాడ్డు, తను పగలగొట్టిన దవడ, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాడు. “ఇక చచ్చాననుకున్నా. అంతలో మా అక్క తలుపు తీసింది” అంటాడు. కథ అక్కడితో ఆపేస్తాడు. పక్కనే ఉంటే ఆ అమ్మాయి తల దించుకుంటుంది గానీ, గడియ సంగతి ఎత్తదు.