మూడు క్రెడిట్లు

2025 జూన్ 9, సోమవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలు. పుదుచ్చేరిలో మా కళాశాల అకడమిక్ సెక్షన్‌లో, బి.ఏ. పొలిటికల్ సైన్స్ చివరి సంవత్సరం విద్యార్థుల క్రెడిట్ పట్టిక నా బల్ల మీద ఉంది. నలభై ఒక్క పేర్లు. నలభై పేర్ల ఎదుట 132 లేదా అంతకు మించిన అంకె. ముప్పై మూడో వరుసలో, ఎం. కోదై పేరు ఎదుట మాత్రం 129.

ఈ అంకెలేమిటో చెప్పాలి. పొలిటికల్ సైన్స్ డిగ్రీ అంటే రాజ్యాంగం, రాజకీయ సిద్ధాంతాలు, అంతర్జాతీయ సంబంధాలు చదివితే చాలునని బయటివారు అనుకుంటారు. ఒక్కో పేపరు ప్యాసైతే దాని బరువును బట్టి వచ్చే పాయింట్లను క్రెడిట్లంటాం. మా నిబంధన ప్రకారం ప్రధాన విషయం పదిహేను పేపర్లకు 60, అనుబంధ విషయాలు ఆరింటికి 24, ఐచ్ఛికాలు మూడింటికి 12, ఇంగ్లీషుకు 12, నైపుణ్య, సేవా కార్యక్రమాలకు 12 క్రెడిట్లు. మొదటి నాలుగు సెమిస్టర్లూ చదవవలసిన భాషకు మరో 12. మొత్తం 132. రాజ్యాంగంలో నూటికి తొంభై తెచ్చుకున్నా, భాషలో ఒక్క పేపరు మిగిలితే డిగ్రీ లేదు. ఇరవై రెండేళ్లుగా ఈ కూడికలు చేయడమే నా ఉద్యోగం. ఊరు యానాం, బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాను.

కోదైకి తక్కువైనది మొదటి సెమిస్టర్ తెలుగు. మూడు క్రెడిట్లు.

పదకొండు గంటలకు ఆమే కౌంటరు దగ్గరికి వచ్చింది. జూలైలో ప్రత్యేక సప్లిమెంటరీ ఉందట కదా, దానికి తాను దరఖాస్తు పెట్టవచ్చా అని అడిగింది. ఒక్క పేపరు మాత్రమే మిగిలిన వారికోసం ఆ పరీక్షను రెండు విడతలుగా పెడతాం. ఆ ఏడు మొదటి విడత జూన్ 20న, రెండోది జూలై 11న. రెండింటికీ దరఖాస్తు గడువు జూన్ 5తో ముగిసింది.

"నోటీసు చూడలేదా అమ్మా?"

"చూసినాను సార్. చివరి సెమిస్టర్ పేపర్లకు మాత్రమే అనుకున్నాను. నిన్న ఫ్రెండు చెప్పింది, అన్నిటికీ ఉందని."

"ఈ మొదటి పేపరు ఇంతకాలం ఎందుకు మిగిలింది?"

"అప్పుడు నాకు అచ్చరాలు రావు సార్."

"అక్షరాలు రాకుండా పరీక్ష ఎట్లా రాశావు?"

"యానాం పిల్లోళ్లు పాఠాలు చదివి చెప్పినారు. ఇంట్లో మాట్లాడేదే గదా, విని మనసులో పెట్టుకున్నా. పాఠం పేర్లు బొమ్మల్లా గుర్తుపెట్టుకున్నా. కొచ్చిన్‌లో ఆ బొమ్మ యాడుంటే ఆడ ఆ జవాబు రాసినాను. అంతా తెలుగునే సార్. అచ్చరం మాత్రం అరవం."

నవ్వబోయాను. అంతలో పాత రికార్డు తెరిచాను. జవాబు పత్రం మీద పరీక్షకుడి వ్యాఖ్య ఉంది: 'లిపి వేరు. దిద్దలేదు.' ఆ తర్వాత ఆమె స్నేహితురాళ్ల దగ్గర అక్షరాలు నేర్చుకుని రెండు, మూడు, నాలుగు సెమిస్టర్ల తెలుగు ప్యాసైంది. ఐదో సెమిస్టర్‌లో ఈ మొదటి పేపరు మళ్లీ రాసింది. నలభై రావాలి, ముప్పై నాలుగు వచ్చాయి. పద్యభాగం చదవడానికే సగం సమయం పోయిందట.

"అసలు తెలుగు ఎందుకు తీసుకున్నావు? స్కూల్లో తమిళమే కదా చదివింది?"

"మీరే కదా సార్ టిక్కు పెట్టినారు."

ఆమె నెపం వేస్తున్నట్టు అనలేదు, జరిగింది చెప్పింది. ఆమె వెళ్లాక 2022 డైరీ తీశాను. ఆగస్టు 22, సోమవారం. 'రెడ్డియార్‌పాళయం నుంచి తండ్రీకూతుళ్లు. ఎన్నో తరాల తెలుగువారు. చెవికి ఇంపుగా ఉంది.' అంతే రాసుకున్నాను. మిగిలినది జ్ఞాపకం వచ్చింది. దరఖాస్తు పట్టుకుని నిలబడిన తండ్రి కూతురితో, "యాడ సంతకం పెట్టాలో అడుగు" అన్నాడు. రోజంతా తమిళమే విన్న చెవికి అది పండుగలా తోచింది. "మీరు తెలుగువారా?" అన్నాను. "ఎన్నో తలమురైలుగా ఈడనే ఉండాము సార్. ఇంట్లో తెలుగే" అన్నాడాయన. ఎంతో సంబరంగా భాష గడిలో తెలుగు ఎదుట నేనే టిక్కు పెట్టాను. మా తెలుగు తరగతిలో ఉండేది దాదాపు అందరూ యానాం పిల్లలు. వారిని చదవడం వచ్చా అని అడిగే అవసరం ఏనాడూ రాలేదు. ఈ ఊళ్లో తరతరాలుగా తెలుగు మాట్లాడుతూ ఒక్క తెలుగక్షరం గుర్తుపట్టని కుటుంబాలున్నాయని తెలిసి కూడా, ఆ రోజు ఈ అమ్మాయిని అడగలేదు.

కోదైకి వేరే ఊళ్లోని ఒక విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. సీటు వచ్చింది. జూలై 15లోగా ప్రొవిజనల్ సర్టిఫికెట్ చూపాలి. జూన్ 20 విడత రాస్తే ఫలితం జూలై మొదటి వారంలో వస్తుంది; సీటు నిలుస్తుంది. అందుకు ఆలస్యాన్ని మన్నిస్తూ ప్రిన్సిపాల్ సంతకం కావాలి. సంతకానికి నేను నోట్ పెట్టాలి.

మా సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్ సెల్వం నా ముసాయిదా చదివి తల అడ్డంగా ఊపాడు. "'అభ్యర్థిని అజాగ్రత్త వల్ల' అని రెండు మాటలు రాయండి సార్, సాయంత్రానికి సంతకమవుతుంది. ప్రవేశ సమయంలో ఆఫీసు పొరపాటు అని రాశారంటే ఫైలుకు కాళ్లొస్తాయి. ఊరంతా తిరిగిగాని రాదు."

"తప్పు ఆ అమ్మాయిది కాదు సెల్వం."

"నిజమే సార్. ఫైలులో ఎవరు చూస్తారు?"

జూన్ 10న నోట్ పెట్టాను. నా పొరపాటును మూడు పేరాల్లో, తేదీలతో, డైరీ ఆధారంతో రాశాను. రాసి తృప్తిపడ్డాను కూడా. ఒక విద్యార్థిని మీద పడబోయే మచ్చను తప్పించాననుకున్నాను.

ఫైలుకు కాళ్లొచ్చాయి. 2022 నాటి అసలు దరఖాస్తు కావాలన్నారు. పంపాను. నా వివరణ విడిగా కావాలన్నారు. ఇచ్చాను. ఇలాంటి పొరపాట్లు ఇంకెన్ని ఉన్నాయో పట్టిక కావాలన్నారు. అదీ తయారుచేశాను, మరొకటి లేదు. ఈలోగా జూన్ 11 నుంచి ప్రతి పనిరోజూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నలభై నిమిషాలు కోదై నా బల్ల ఎదుట కూర్చుని పద్యాలు చదివేది. నేను పెరుగన్నం తింటూ వినేవాణ్ణి. చదవడంలో తడబడేది కాని, అర్థం ఒక్కసారి చెప్పితే చాలు, మళ్లీ అడిగేది కాదు. ఒక రోజు, "పద్యంలో అందరూ ఎందుకు సార్ ఇంత చుట్టి చుట్టి మాట్లాడేది? నేరుగా చెప్పేదానికి ఏంది?" అంది. "మీ పొలిటికల్ సైన్స్‌లో నేరుగా చెబుతారా?" అన్నాను. "లేదు సార్. ఆడ ఇంకా మోసం" అని నవ్వింది.

జూన్ 23న అనుమతి వచ్చింది. జూన్ 20 పరీక్ష అయిపోయింది.

ఆ మధ్యాహ్నం తండ్రి కూడా వచ్చాడు. ఆయనకు రెడ్డియార్‌పాళయంలో పెయింట్ షాపు. నేను జరిగింది దాచకుండా చెప్పాను: ఏ రెండు మాటలు రాసి ఉంటే ఒక్క రోజులో అయ్యేదో, ఏమి రాసినందువల్ల పదమూడు రోజులు పట్టిందో.

ఆయన గొంతు పెంచలేదు. "మా షాపులో కలరు తప్పు కలిపితే డబ్బా మార్చిస్తాము సార్. మీరు ఏం మార్చిస్తారు? మీ నిజాయితీ తెచ్చి మా బిడ్డ నెత్తిన పెట్టినారే."

"అప్పా, ఉండు" అంది కోదై. తర్వాత నావైపు తిరిగింది. "నన్నొక మాట అడిగింటే, నాదే అజాగ్రత్త అని రాయమనింటాను సార్. నాకు దాంట్లో ఏం పోతాది?"

ఆమె సంచిలోంచి పుస్తకం తీసి, శుక్రవారం ఆపిన పద్యం దగ్గర తెరిచింది. "ఒంటిగంట అయింది సార్" అంది. తండ్రి బెంచీ మీద కూర్చుని, నలభై నిమిషాలూ విన్నాడు.

జూలై 11న పరీక్ష రాసింది. జూలై 24న ఫలితం వచ్చింది: నలభై ఆరు. ఎం.ఏ. సీటు తొమ్మిది రోజుల ముందే మరొకరికి వెళ్లిపోయింది. మరుసటి రోజు సర్టిఫికెట్ తీసుకోవడానికి తండ్రితో వచ్చి, రిజిస్టర్‌లో సంతకం చేసింది. ఆయన వంగి చూశాడు.

"ఏం గీసినావే?"

"నా పేరే అప్పా. తెలుగులో."

ఆయన ఆ రెండు అక్షరాలను కాసేపు చూసి, "ఇట్లుంటుందా" అన్నాడు. ఉదయం పూట షాపులో కూర్చుంటున్నానని, వచ్చే జూన్‌లో మళ్లీ దరఖాస్తు పెడతానని ఆమె నాతో చెప్పింది.

అప్పటినుంచి ప్రవేశాల కౌంటరులో, మాతృభాష ఏదని అడిగాక మరో రెండు ప్రశ్నలు అడుగుతున్నాను: చదవడం వచ్చా, రాయడం వచ్చా. ఇది సులువుగా నేర్చుకున్న పాఠం. రెండోది కష్టమైనది. ఒకరి మేలుకోసమని నిజం రాసేటప్పుడు, ఆ నిజానికి మూల్యం ఎవరు చెల్లిస్తారో వారినే ముందు అడగాలి. నా తప్పు ఒప్పుకోవడం నాకు గౌరవం తెచ్చింది. ఫైలు మీద 'స్పష్టమైన వివరణ' అని మెచ్చుకోలు కూడా వచ్చింది. ఖర్చు మరొకరిది.

ఆ ఏడాది డైరీ చివరి పుటలో రాసుకున్న లెక్క ఇది.

పోయినవి: ఎం.ఏ. సీటు ఒకటి. విద్యా సంవత్సరం ఒకటి. ఫైలు తిరిగిన రోజులు పదమూడు.

నిలిచినవి: క్రెడిట్లు మూడు, వాటితో కలిపి 132. డిగ్రీ ఒకటి. ఇరవై రెండు మధ్యాహ్నాలు. అంటే పద్నాలుగు గంటల నలభై నిమిషాలు.

కోదైని అడగవలసిన ప్రశ్నలు: రెండు. టిక్కు పెట్టేముందు ఒకటి, నోట్ పెట్టేముందు ఒకటి. నేను అడిగినవి: సున్న.